అందరూ ఆడవలసిన ఆట: టోరెన్స్‌లో పిల్లల సాకర్ లీగు

కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ నగరానికి నైరుతి దిక్కున, పసిఫిక్ తీరం దాకా సాగిన టోరెన్స్ పట్టణం అమెరికా పిల్లల సాకర్‌కు పుట్టినిళ్ళలో ఒకటి. మన దేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఈ ఆట 1960ల అమెరికాలో ఎక్కువగా యూరప్ నుంచి, లాటిన్ అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల మధ్యనే ఉండేది. తక్కిన పిల్లలు ఎక్కువగా ఆడినవి బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. 1964లో కొందరు సాకర్ అభిమానులు టోరెన్స్‌లోని ఒక గ్యారేజీలో సమావేశమై తొమ్మిది జట్లతో మొదలుపెట్టిన పిల్లల లీగు కాలక్రమంలో అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అనే జాతీయ సంస్థగా, వాడుకలో ఏవైఎస్‌ఓగా, ఎదిగింది. నాలుగేళ్ళ పసివారి నుంచి కాలేజీ గడప దగ్గరి యువకుల వరకు అందులో ఆడుతున్నా, ఆ సంస్థ స్వభావం స్పష్టంగా బయటపడేది పదేళ్ళ లోపు పిల్లల విభాగాలలోనే కనుక ఈ వ్యాసం వాటికే పరిమితమవుతుంది.

ఏవైఎస్‌ఓ నడిపేవి రిక్రియేషనల్ లీగులు. రిక్రియేషనల్ లీగు అంటే ఎంపిక పరీక్షలు లేకుండా, నమోదు చేసుకున్న ప్రతి పిల్లవాడినీ ఏదో ఒక జట్టులో చేర్చి, వారాంతాలలో ఆడించే స్థానిక ఏర్పాటు. నైపుణ్యాన్ని బట్టి పిల్లలను ఏరుకుని, జీతం తీసుకునే కోచ్‌ల చేత శిక్షణ ఇప్పించి, ఇతర నగరాలకు తీసుకువెళ్ళి ఆడించే క్లబ్ సాకర్ దీనికి ఎదుటి కొస. మొదటి దానిని వినోదమని, రెండవ దానిని క్రమశిక్షణ అని విడదీసి చూడడం అమెరికా తల్లిదండ్రులలో సైతం కనిపించే అలవాటే అయినా, మైదానంలో కొన్ని గంటలు గడిపినవారికి ఆ విభజన నిలవదని త్వరలోనే తెలుస్తుంది. ఎందుకంటే గెలిచేవారిని ఏరడానికి ఎన్ని నియమాలు కావాలో, ఎవరినీ వదలకుండా ఆడించడానికి అంతకంటే ఎక్కువ నియమాలు కావాలి, వాటిలో సగానికి సగం పిల్లలను కాక పెద్దలను అదుపులో ఉంచడానికి పుట్టినవే.

ఈ వ్యాసానికి ఆధారమైన సందర్శన అక్టోబరు నెలలో ఒక శనివారం, టోరెన్స్ పరిసరాలలో ఒక ఎలిమెంటరీ పాఠశాల వెనక ఉన్న గడ్డి మైదానంలో జరిగింది. శరత్కాలపు సీజను ఆగస్టు చివర మొదలై నవంబరు దాకా సాగుతుంది కనుక అప్పటికి జట్లు కుదురుకుని ఉంటాయి. మొదటి ఆటకు గంట ముందే, సముద్రం మీదినుంచి వచ్చిన మబ్బు ఇంకా విడవకముందే, ముగ్గురు తండ్రులు, ఒక తల్లి కొలత టేపుతో, చక్రాల బండికి అమర్చిన తెల్ల రంగు డబ్బాతో గడ్డి మీద గీతలు గీస్తూ, ఒకే పెద్ద మైదానాన్ని అడ్డంగా నాలుగు చిన్న మైదానాలుగా విడగొట్టారు. అల్యూమినియం గొట్టాల గోల్‌పోస్టులను మోసుకువచ్చి నిలబెట్టాక, ప్రతి దాని వెనక కడ్డీ మీద రెండేసి ఇసుక సంచులు వేసి, ఒకరు వాటిని చేత్తో గట్టిగా లాగి చూశారు. కదిలించగలిగే గోల్‌పోస్టులు మీదపడి పిల్లలు చనిపోయిన సంఘటనలు అమెరికాలో జరిగాయి. వాటి దరిమిలా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఇచ్చిన సూచనల ప్రకారం గోల్‌పోస్టును నేలకు బిగించనిదే ఆట మొదలుకాకూడదు.

ఆ చిన్న మైదానాల కొలతలు స్థానికుల ఇష్టానికి వదిలినవి కావు. అమెరికా సాకర్ సమాఖ్య 2015లో ప్రకటించి, 2017 ఆగస్టు నుంచి దేశమంతటా తప్పనిసరి చేసిన ప్రమాణాల ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు జట్టుకు నలుగురి చొప్పున, 25 నుంచి 35 గజాల పొడవు, 15 నుంచి 25 గజాల వెడల్పు ఉన్న మైదానంలో, నాలుగడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పుకు మించని గోల్‌పోస్టుల మధ్య, మూడవ నంబరు బంతితో ఆడాలి. పదేళ్ళ లోపువారికి జట్టుకు ఏడుగురు, నాలుగవ నంబరు బంతి. పన్నెండేళ్ళ లోపువారికి తొమ్మిదిమంది. పదమూడవ ఏటి విభాగం నుంచి మాత్రమే పెద్దలలాగా పదకొండుగురు. దీని వెనక ఉన్న లెక్క సులువైనది: ఇరవై ఇద్దరి మధ్య ఒకే బంతి ఉన్నప్పుడు, కాళ్ళలో బలం లేని ఏడేళ్ళ పిల్లవాడికి ఆట మొత్తంలో బంతి తగిలే సందర్భాలు చాలా తక్కువ, అదే ఎనిమిదిమంది మధ్య అయితే తప్పించుకుందామన్నా బంతి వచ్చి కాలికి తగులుతుంది.

ఆరేళ్ళ లోపు విభాగం ఆట చూస్తే ఈ ఆలోచన ఎంత దూరం వెళ్ళిందో అర్థమవుతుంది. నలుగురు, నలుగురు ఎదురెదురుగా నిలబడినా విజిల్ ఊదిన మరుక్షణం ఎనిమిదిమందీ ఒకే గుంపై బంతి చుట్టూ మూగి, గుంపు ఎటు దొర్లితే అటు దొర్లుతారు. బంతి గీత దాటి బయటికి వచ్చినా ఒకరిద్దరు గమనించక తన్నుకుంటూనే ఉంటారు. గోల్‌కీపరు ఉండడు, ఆఫ్‌సైడ్ ఉండదు, పెనాల్టీ కిక్కు ఉండదు, ఫ్రీ కిక్కు ఇస్తే అది నేరుగా గోల్ కొట్టడానికి వీలులేని ఇన్‌డైరెక్ట్ కిక్కే అవుతుంది, గీత దాటిన బంతిని తలమీదుగా విసరడానికి బదులు కాలితోనే లోపలికి తన్నాలి, లేదా తోసుకుంటూ రావాలి. ఆ ఉదయం పచ్చ చొక్కా పిల్ల ఒకతె బంతిని వదిలేసి మైదానం మధ్యన కూర్చుని, జారిన మేజోడు కింద నుంచి బయటపడిన షిన్‌గార్డును, అంటే మోకాలి కింది ఎముకకు దెబ్బ తగలకుండా కట్టుకునే పలకను, తీరిగ్గా సర్దుకుంటూ ఉంటే ఆట ఆమె చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. కోచ్ పిలవలేదు, అరవలేదు, ఆమె లేచి మళ్ళీ గుంపులో కలిసే దాకా చూస్తూ నిలబడ్డాడు. గోల్‌కీపరును ఎందుకు తీసేశారన్నదానికి అక్కడి కోచ్‌లు చెప్పే కారణం కూడా ఇలాంటిదే: ఆ వయసులో గోల్ దగ్గర ఒక పిల్లవాడిని నిలబెడితే ఎదురు చూడడం తప్ప అతడికి ఆట ఏమీ మిగలదు.

పదేళ్ళ లోపు విభాగానికి వచ్చేసరికి మైదానం పెద్దదై, గోల్‌కీపరు వచ్చి, ఇరవై అయిదేసి నిమిషాల రెండు భాగాలుగా ఆట సాగుతుంది గానీ, పెద్దల ఆటలో లేని ఒక గీత కొత్తగా కనిపిస్తుంది. పెనాల్టీ ప్రాంతానికి, మధ్య గీతకు నట్టనడుమ గీసే ఈ గీతను బిల్డ్ అవుట్ లైన్ అంటారు. గోల్‌కీపరు బంతిని చేతిలోకి తీసుకోగానే ఎదుటి జట్టు మొత్తం ఆ గీత వెనక్కి తప్పుకోవాలి. గోల్‌కీపరు కూడా బంతిని గాలిలోకి లేపి దూరంగా తన్నకుండా, చేత్తో విసిరో, దొర్లించో, కింద పెట్టి కాలితో అందించో తన జట్టువారికి ఇవ్వాలి. ఈ గీత లేని రోజుల్లో బలమైన కాలున్న ఒక పిల్లవాడు గోల్ దగ్గర నుంచి కొట్టిన బంతి మిగతావారి తలల మీదుగా ఎగిరిపోయి, వేగంగా పరుగెత్తగల మరొకరికి అందితే పని అయిపోయేది, నడుమ ఉన్న అయిదుగురికి ఆకాశం చూడడమే ఆటగా మిగిలేది. గీత వచ్చాక గోల్‌కీపరు నుంచి పక్కవాడికి, పక్కవాడి నుంచి ముందువాడికి బంతి అందక తప్పదు. ఆ శనివారం ఎర్ర చొక్కాల జట్టు అలా అందించబోయి రెండుసార్లు సొంత గోల్ ముందే బంతి పోగొట్టుకుని రెండు గోల్స్ ఇచ్చుకుంది. మూడవసారి కూడా కోచ్ అదే చేయించాడు.

తలతో కొట్టడం మీద ఉన్న నిషేధం వేరే మార్గంలో వచ్చింది. తలకు తగిలే దెబ్బల విషయంలో సాకర్ సంస్థలు అశ్రద్ధ చూపుతున్నాయంటూ 2014లో కొందరు తల్లిదండ్రులు, ఆటగాళ్ళు కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో వేసిన దావాలో ప్రతివాదులుగా నిలిచిన సంస్థలలో ఏవైఎస్‌ఓ కూడా ఒకటి. 2015 నవంబరులో కుదిరిన పరిష్కారంలో భాగంగా పదేళ్ళు, అంతకు తక్కువ వయసున్న పిల్లలు బంతిని తలతో కొట్టడాన్ని సాకర్ సమాఖ్య పూర్తిగా నిషేధించింది, పదకొండు నుంచి పదమూడేళ్ళ వరకు సాధనలో దానిని పరిమితం చేసింది. ఇప్పుడు చిన్నపిల్లల ఆటలో ఎవరైనా కావాలని తలతో కొడితే రెఫరీ ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్కు ఇస్తాడు. దీనికి తోడు, తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న పిల్లవాడిని ఆ రోజుకు ఆటనుంచి తప్పించి, వైద్యుడు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా తిరిగి దింపకూడదన్న కాలిఫోర్నియా చట్టం 2017 జనవరి నుంచి పిల్లల క్రీడా సంస్థలకు కూడా వర్తిస్తోంది.

ఏవైఎస్‌ఓ తనకు పునాదులుగా చెప్పుకునే సూత్రాలు ఆరు: అందరూ ఆడడం, సమతూకమైన జట్లు, ఎవరైనా చేరగలిగే నమోదు, పిల్లలను ప్రోత్సహించే శిక్షణ, క్రీడాస్ఫూర్తి, ఆటగాడి ఎదుగుదల. వీటిలో చివరి మూడింటిని ఏ క్రీడా సంస్థ గోడ మీదనైనా చూడవచ్చు. మొదటి రెండూ మాత్రం ఇక్కడ లెక్క ప్రకారం అమలవుతాయి. ప్రతి ఆటనూ నాలుగు క్వార్టర్లుగా లెక్కించి, ప్రతి పిల్లవాడూ వాటిలో కనీసం సగం ఆడాలన్నది సంస్థ నియమం. ఎనిమిదేళ్ళ లోపువారికి ఒక్కో క్వార్టరు పది నిమిషాలు. చాలా ఊళ్ళలో దీనికి మరొక మెట్టు జోడించి, జట్టులో అందరూ మూడు క్వార్టర్లు ఆడనిదే ఎవరూ నాలుగవ క్వార్టరు ఆడకూడదని నిర్ణయించుకున్నారు.

ఈ నియమం మైదానం పక్కన ఎలా పనిచేస్తుందో ఒక కోచ్ చేతిలోని అట్ట మీద చూడవచ్చు. ఆరుగురు పిల్లలున్న జట్టులో ఒక్కో క్వార్టరుకు నలుగురు ఆడతారు కనుక మొత్తం పదహారు స్థానాలు వస్తాయి. తలా రెండు చొప్పున పన్నెండు పోగా మిగిలిన నాలుగింటిని నలుగురికి ఒక్కొక్కటిగా పంచితే, ఆ నలుగురికి మూడేసి, తక్కిన ఇద్దరికి రెండేసి వస్తాయి. ఆ ఇద్దరూ ఎవరన్నదే కోచ్‌కు ప్రతివారం ఎదురయ్యే చిక్కు. ఆ అట్ట మీద గత వారాల గడులు కూడా ఉండడం, పోయిన శనివారం రెండే ఆడిన పిల్లల పేర్ల పక్కన చుక్క పెట్టి ఉండడం చూస్తే, ఎవరి మీదా అభిమానం చూపకుండా ఉండడానికి మంచి మనసు సరిపోదని, కాగితం, పెన్సిలు కూడా కావాలని తెలుస్తుంది. నాలుగవ క్వార్టరులో జట్టు ఒక గోల్ వెనకబడి ఉండగా, అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లవాడు తన మూడూ అయిపోయి పక్కన కూర్చుని నీళ్ళు తాగుతుంటే, కోచ్ అట్ట చూసుకుని, అప్పటిదాకా బంతిని సరిగ్గా ఆపలేకపోయిన పిల్లను లోపలికి పంపాడు. ఆట అలాగే ముగిసింది.

తెలుగు ఊళ్ళలో, కాలనీలలో పెద్ద పిల్లలు ఆడుకునేటప్పుడు వెంటపడే చిన్న తమ్ముణ్ణో చెల్లెలినో ఏడిపించడం ఇష్టంలేక ఆటలో అరటిపండుగా చేర్చుకోవడం అందరికీ తెలిసిన మర్యాదే. అరటిపండు ఔటవడు, పరుగులు లెక్కలోకి రావు, అతడున్నా లేకపోయినా ఆటకు తేడా పడదు. అందులో దయ ఉంది, కానీ ఆ దయకు అతడు లెక్కలో లేకపోవడమే మూల్యం. ఏవైఎస్‌ఓ ఎంచుకున్న దారి ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది: ఇక్కడ బలహీనుడైన ఆటగాడికి ప్రత్యేక మినహాయింపు ఏదీ లేదు, అతడు కొట్టింది గోలే, పోగొట్టింది పోగొట్టినట్టే, అతడు మైదానంలో ఉన్న ఇరవై నిమిషాలూ జట్టు గెలుపోటములు అతడి మీద కూడా ఆధారపడి ఉంటాయి.

జట్ల సమతూకం కూడా ఇలాంటి రాతకోతలతోనే సాధ్యమవుతుంది. సీజను చివర ప్రతి కోచ్ తన పిల్లలందరికీ నైపుణ్యాన్ని బట్టి ఒక అంకె వేసి ఇస్తాడు; మరుసటి ఏడాది పాత జట్లను విడగొట్టి, ఆ అంకెల మొత్తాలు దాదాపు సమంగా వచ్చేలా కొత్త జట్లు కూరుస్తారు. కోచ్ సొంత పిల్లలు అతడి జట్టులోనే ఉంటారు గానీ, స్నేహితులిద్దరినీ ఒకే జట్టులో వేయమన్న కోరికలు పై విభాగాలకు పోయేకొద్దీ చెల్లవు. వచ్చే ఏడు మంచి ఆటగాడు చవకగా దొరకాలన్న ఆశతో తక్కువ అంకె వేసే కోచ్‌లు ఉండరనుకోవడం అమాయకత్వమే అవుతుంది కనుక, కొన్ని చోట్ల ఎదుటి జట్ల కోచ్‌ల అంచనాలతోనూ, గత సంవత్సరపు అంకెలతోనూ సరిపోల్చి చూస్తారు.

ఇదంతా నడిపేవారిలో జీతగాళ్ళు దాదాపు లేరు. ఊరి స్థాయిలోని లీగును రీజియన్ అంటారు. దానికి అధిపతి అయిన రీజినల్ కమిషనర్ మొదలుకొని, కోచ్‌లు, రెఫరీలు, చొక్కాలు పంచేవారు, గీతలు గీసేవారు అందరూ వాలంటీర్లు, వారిలో ఎక్కువమంది ఆడే పిల్లల తల్లిదండ్రులు. ఉచితంగా చేసే పనే అయినా దానికి ముందు దాటవలసిన గడపలు చాలా ఉన్నాయి: నేర చరిత్ర పరిశీలన, పిల్లల మీద లైంగిక వేధింపులను నిరోధించడానికి 2018లో వచ్చిన ఫెడరల్ చట్టం దరిమిలా అమలైన సేఫ్‌స్పోర్ట్ శిక్షణ, తలగాయాలను గుర్తించే శిక్షణ, వయసు విభాగాన్ని బట్టి కోచింగ్ కోర్సు. కాలిఫోర్నియాలో 2022 నుంచి, పిల్లల సంస్థలలో క్రమం తప్పక పనిచేసే వాలంటీర్లు వేలిముద్రలు కూడా ఇవ్వాలి. ఇంత బాధ్యత మీద వేసుకున్నవారికి రక్షణగా 1997 నాటి వాలంటీర్ల రక్షణ చట్టం ఉంది. సంస్థ నియమించిన పరిధిలో, తగిన జాగ్రత్తతో పనిచేసిన వాలంటీరును జరిగిన ప్రమాదానికి వ్యక్తిగతంగా బాధ్యుణ్ణి చేయకుండా అది కాపాడుతుంది. ఏవైఎస్‌ఓ తన సేఫ్ హేవెన్ శిక్షణలో వాలంటీర్లకు ఈ చట్టం గురించి కూడా బోధిస్తుంది.

రెఫరీలలో పెద్దలతో పాటు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు కూడా ఉండడం, పసుపు చొక్కా వేసుకున్న అలాంటి పిల్లవాడే ఆటకు ముందు తనకంటే కొద్దిగా చిన్నవారిని వరసలో నిలబెట్టి తనిఖీ చేయడం ఆ ఉదయం కనిపించిన దృశ్యాలలో ఒకటి. షిన్‌గార్డులు మేజోళ్ళ లోపల ఉన్నాయో లేదో, బూట్ల అడుగున పదునైనవి ఏమైనా ఉన్నాయేమో, చెవులకు, మెడకు, చేతులకు ఏమైనా ఉన్నాయేమో అతడు చూస్తాడు. ఏ నగా ఒంటిమీద ఉండకూడదని, టేపుతో కప్పినా కుదరదని ఆట చట్టాలలో నాలుగవది చెబుతుంది. అదే వరసలో నిలబడిన తెలుగు పిల్ల చెవుల్లో కమ్మలు కనబడగానే అతడు తీయమని మర్యాదగా చెప్పడం, ఆ ఊరు చూడవచ్చిన అమ్మమ్మ మడతకుర్చీలోంచి లేచి, "కుట్టించి నెలన్నా కాలేదురా తండ్రీ, తీస్తే పూడిపోతాయి" అని తెలుగులోనే అతడికి నచ్చజెప్పబోవడం, తల్లి ఆమెను ఆపి కమ్మలు తీసి చీర కొంగున ముడివేయమని ఆమె చేతికే ఇవ్వడం క్షణాల్లో జరిగిపోయాయి. దక్షిణ కాలిఫోర్నియాలో ఇర్వైన్, ఉత్తరాన ఫ్రీమాంట్, శాన్ రమోన్ వంటి చోట్ల తెలుగు కుటుంబాలు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నాయి. చెవులు కుట్టించే ముహూర్తాన్ని సీజను అయ్యాక పెట్టుకోమని అలాంటివారికి ముందే చెప్పడం మంచిది.

టచ్‌లైన్ అనే పక్క గీతకు అవతల పెద్దల ప్రవర్తన ఇంకొక పెద్ద సమస్య. పిల్లల ఆటలో తల్లిదండ్రులు రెఫరీల మీద అరవడం, ఎదుటి జట్టు పిల్లలను కించపరచడం, సొంత బిడ్డకు క్షణక్షణం ఆదేశాలివ్వడం అమెరికా అంతటా ఉన్న రుగ్మత. దాన్ని అదుపు చేయడానికి ఏవైఎస్‌ఓ కిడ్స్ జోన్ అనే కార్యక్రమం నడుపుతుంది. ఈ గీత దాటితే పిల్లల రాజ్యమని, లోపల మంచి మాటలే వినబడాలని చెప్పే బోర్డులు పెట్టి, తల్లిదండ్రుల చేత ప్రమాణపత్రం మీద సంతకం చేయిస్తారు. కొన్ని లీగులు ఏడాదిలో ఒక శనివారాన్ని నిశ్శబ్ద దినంగా పాటించి, ఆ రోజు పెద్దలెవరూ నోరు తెరవకుండా చప్పట్లు మాత్రమే కొట్టాలని నియమం పెడతాయి. ఎనిమిదేళ్ళ లోపు విభాగాలలో గోల్స్ నమోదు చేయరు, పాయింట్ల పట్టిక ఉండదు, విజేత ఎవరో ప్రకటించరు. అయినా ఆట ముగిసి రెండు జట్లూ వరసగా చేతులు తట్టుకుని, తల్లిదండ్రులు చేతులెత్తి కట్టిన తోరణం కింద నుంచి పరుగెత్తి, నారింజ తొనల డబ్బా దగ్గరికి చేరేసరికి, ఎన్నికి ఎన్ని అన్నది ప్రతి పిల్లవాడికీ కచ్చితంగా తెలిసే ఉంటుంది. లెక్క లేకుండా చేయడం ఈ నియమం ఉద్దేశం కాదు. ఆ లెక్క పట్టుకుని పెద్దలు వచ్చే వారానికి ఎవరిని పక్కన కూర్చోబెట్టాలో ఆలోచించకుండా చేయడమే దాని ప్రయోజనం.

నియమాన్ని మార్చి ఆటను నేర్పడం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలో మేటిగా నిలిపి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగవ స్థానం దాకా, 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం దాకా నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదులో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోవడం నిషిద్ధమైన టోర్నమెంట్లు జరిపించేవారు. అందివచ్చిన బంతిని వెంటనే మరొకరికి ఇవ్వక తప్పని ఆ ఆటలో పిల్లలకు ఉపన్యాసాలతో పనిలేకుండానే చూపు, కదలిక అలవడేవి. రహీం లక్ష్యం మెరికల్లాంటి ఆటగాళ్ళను తయారు చేయడం, టోరెన్స్ లీగు లక్ష్యం ఎవరినీ వదులుకోకపోవడం. గమ్యాలు వేరైనా, కోచ్ గొంతు కంటే గీసిన గీత బాగా బోధిస్తుందన్న నమ్మకం రెండింటిలోనూ ఉంది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో చిన్నపిల్లల కోసం ప్రారంభించిన గోల్డెన్ బేబీ లీగ్స్ కూడా చిన్న మైదానాలు, తక్కువమంది ఆటగాళ్ళు అన్న ఈ ఆలోచననే అనుసరించాయి.

అందరూ ఆడాలన్న సూత్రం సంస్థ ప్రయాణంలో తన పరిధిని తానే పెంచుకుంటూ వచ్చింది. 1971లో, అంటే విద్యాసంస్థలలో స్త్రీ పురుష వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టానికి ఒక ఏడాది ముందే, బాలికల విభాగం మొదలైంది. శారీరక, మానసిక వైకల్యాలున్న పిల్లలకు ఒక్కొక్కరి పక్కన తోడుగా మరో ఆటగాణ్ణి నిలిపి ఆడించే వీఐపీ కార్యక్రమం 1991లో వచ్చింది. ప్రపంచ కప్పులు గెలిచిన అమెరికా మహిళా జట్టులో వన్నెకెక్కిన జూలీ ఫౌడీ, అలెక్స్ మోర్గన్ ఇద్దరూ ఈ లీగులో ఆడినవారే; మోర్గన్ పధ్నాలుగేళ్ళ వయసు దాకా క్లబ్ జట్టులో చేరలేదు. పోటీ జట్లలోకి ఏడేళ్ళకే చేర్చకపోతే బిడ్డ వెనకబడుతుందని ఆరాటపడే తల్లిదండ్రులకు ఆ ఒక్క ఉదాహరణ పూర్తి సమాధానం కాకపోవచ్చు గానీ, తొందరపాటుకు అడ్డుకట్ట వేయడానికి పనికివస్తుంది.

ఆ ఆరాటమే ఈ లీగుకు అన్నిటికంటే పెద్ద గండం. ఒక సీజనుకు ఒకటి రెండు వందల డాలర్ల రుసుముతో ఆడగలిగే ఈ లీగు నుంచి, ఏడాదికి వేల డాలర్లు గుంజే క్లబ్బులు ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులోనే చురుకైన పిల్లలను తీసుకుపోతున్నాయి. దానితో సమతూకం కోసం పంచవలసిన నైపుణ్యమే తగ్గిపోతుంది, డబ్బు పెట్టలేని కుటుంబాల పిల్లలలో ప్రతిభ ఉన్నవారు మధ్యలో మిగిలిపోతారు. వయసు గీతలు కూడా చిక్కులు తెచ్చాయి. 2017 ప్రమాణాలు పుట్టిన క్యాలెండరు సంవత్సరాన్ని బట్టి విభాగాలు నిర్ణయించడంతో, బడిలో ఒకే తరగతిలో కూర్చునే ఇద్దరు స్నేహితులు డిసెంబరు, జనవరి తేడా వల్ల వేరువేరు విభాగాలలో పడ్డారు, జతగాడు లేడని కొందరు ఆట మానేశారు. 2026–27 సీజను నుంచి ఆగస్టు 1 మొదలు జూలై 31 వరకు ఒక వయసు సంవత్సరంగా లెక్కించాలని ఏవైఎస్‌ఓతో పాటు ప్రధాన సంస్థలు నిర్ణయించాయి. ఇక వీధిలో పెద్దల ప్రమేయం లేకుండా జట్లు పంచుకుని, తగవులు పడి, తామే తీర్చుకునే పిల్లల ఆటలో అలవడే స్వయంపాలన ఇక్కడ అలవడదన్న విమర్శ నిజమే; ఇక్కడ తగవు తీర్చడానికి విజిల్, న్యాయం చేయడానికి అట్ట పట్టుకున్న పెద్దవారు ఎప్పుడూ పక్కనే ఉంటారు. కార్లు నిండిన వీధులున్న శివారు పట్టణాలలో ఆ పాత ఆటకు చోటు మిగలలేదని, దాని స్థానంలో వచ్చినదానికి ఈ మాత్రం న్యాయబుద్ధి ఉండడమే మేలని నిర్వాహకులు బదులిస్తారు.

మధ్యాహ్నం చివరి ఆట నడుస్తుండగా, ఒక బల్ల దగ్గర వచ్చే సీజను నమోదు పత్రాలు నింపిస్తున్నారు. పిల్లల పేర్ల కోసం ఉన్న గడులు త్వరగా నిండుతున్నాయి; ప్రతి పత్రంలోనూ కింద, కోచ్‌గానో రెఫరీగానో పనిచేస్తారా అని అడిగే గడి దగ్గర చాలామంది పెన్ను ఆపి, ఉద్యోగం, రెండవ బిడ్డ, ఊరి ప్రయాణం వంటి కారణాలు చెబుతున్నారు. ఈ లీగులో కొలతలన్నీ పిల్లలకు అనుకూలంగా దిద్దినవే, క్వార్టర్లన్నీ సమంగా పంచినవే. కానీ ఏ నియమమూ పెద్దలను బలవంతంగా మైదానంలోకి దింపలేదు. కోచ్ దొరకని జట్టు ఏర్పడదు, ఏర్పడని జట్టులోని పిల్లలు నిరీక్షణ జాబితాలో ఉంటారు, సీజను మొదలయ్యేనాటికి కూడా ఆ గడి నిండకపోతే, ఆ జాబితాలోని పిల్లవాడికి ఈ లీగు ఎంత న్యాయంగా నడిచినా లేనట్టే.